శనగల గిడ్డంగిలో వంకాయ నిలవదు

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరి, పొద్దున కోసిన కూరగాయ మధ్యాహ్నానికే సొమ్మసిల్లే రోజులు వచ్చేసరికి ఏటా ఒకటే మాట వినిపిస్తుంది: నెల్లూరు, ప్రకాశం జిల్లాల కూరగాయల రైతుకు కోల్డ్ స్టోరేజీలు కావాలి అని. అందులో సగమే నిజం. ఒంగోలు చుట్టుపక్కల శీతల గిడ్డంగులు లేకపోలేదు. వాటిలో శనగలు, ఎండుమిర్చి దాస్తారు. వాటికి చలితో పాటు గాలి పొడిగా ఉండాలి, తేమ తగిలితే బూజు పడతాయి. కూరగాయది పూర్తిగా వేరే దారి. గదిలో తేమ 90 శాతానికి తగ్గకూడదు, చలి మాత్రం మితంగా ఉండాలి. నాలుగైదు డిగ్రీల గదిలో వారం పెట్టిన వంకాయను నిలువునా కోసి చూడండి. పైకి నిగనిగలాడుతున్నా గింజలు, వాటి చుట్టూ ఉన్న కండ గోధుమ రంగుకు తిరిగి ఉంటాయి. బయట పెట్టిన మర్నాటికి తొక్క మీద గుంటలు పడి, వాటిలోంచి కుళ్ళు మొదలవుతుంది. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టిన వంకాయకు అయ్యేదీ ఇదే. కొన్నవాళ్ళు పాత సరుకు అంటగట్టారని అమ్మినామెను తిట్టుకుంటారు. నిజానికి అది చలి దెబ్బ.

వంకాయకు 10 నుంచి 12 డిగ్రీలు సరిపోతాయి. బెండ, పచ్చిమిర్చి 7 నుంచి 10 మధ్య బాగుంటాయి. దోస, కాకర, బీర పది డిగ్రీలకు తగ్గితే ఓర్చుకోలేవు. రంగు తిరగని టమాటాకు 13 డిగ్రీలైనా ఉండాలి, అంతకంటే చల్లబరిస్తే తర్వాత సరిగా పండదు, రుచీ రాదు. సున్నా దగ్గర హాయిగా ఉండేవి ఆకుకూరలు, క్యారెట్, క్యాబేజీ లాంటివే. కాబట్టి పెద్ద గది ఒకటి కట్టి అన్నీ అందులో నింపితే ఏదో ఒకటి పాడవక తప్పదు. పైగా సరుకు ఆ గది గుమ్మం చేరేలోపే జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోతోంది. ఈ ఉత్తరం ముఖ్యంగా ఆ మొదటి ఆరేడు గంటల గురించి.

తెంపినంత మాత్రాన కాయకు ప్రాణం పోదు. దాచుకున్న చక్కెరను ఖర్చు చేసుకుంటూ ఊపిరి తీస్తూనే ఉంటుంది, ఒంట్లో నీటిని ఆవిరిగా వదులుతూనే ఉంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ ఊపిరి రెండు మూడు రెట్లవుతుంది. అంటే 20 డిగ్రీల దగ్గర నాలుగు రోజులు నిలిచే బెండకాయ, 40 డిగ్రీల్లో ఒక్కరోజు నిలిస్తే గొప్ప. ఇక నీటి సంగతి. ఆకుకూర బరువులో 3 శాతం పోతే చాలు, తల వాల్చేస్తుంది. బెండ, వంకాయల్లో 5 శాతం తగ్గితే వడలు కంటికి తెలుస్తుంది. వంద కిలోలు 95 అయితే పోయింది ఐదు కిలోలే అనుకోకూడదు. వాడిన సరుకని మిగిలిన 95 కిలోలకూ ధర తెగుతుంది, తరుగు కింద కోసేది ఎటూ ఉండనే ఉంది. లుధియానాలోని కోత అనంతర పరిశోధన సంస్థ సిఫెట్ 2015లో ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలో టమాటా నష్టం 12.44 శాతం. అది బరువులో పోయింది మాత్రమే. వాడి, నలిగి, సగం ధరకు పోయిన సరుకు ఆ అంకెలో కనిపించదు.

కోత తెల్లవారుజామున మొదలుపెట్టి ఎనిమిదిన్నర లోపు ముగించాలి. రాత్రంతా చల్లబడిన కాయ నిండుగా నీరు పట్టి ఉంటుంది. పది దాటాక కోసిన కాయ ఎండ వేడిని మోసుకొస్తుంది. వంకాయ లాంటి ముదురు రంగు కాయ ఎండలో గాలి కంటే ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. గట్టు మీద కుప్ప పోసి ఆటో కోసం ఎదురుచూసే ఆ గంట సేపే అసలు ప్రమాదం. వేప చెట్టు నీడ మంచిదే గానీ నీడ జరుగుతుంది, కుప్ప జరగదు. నాలుగు గుంజలు పాతి తాటాకు పందిరి వేసుకోవడం మేలు. నల్ల టార్పాలిన్ మాత్రం సరుకు మీద నేరుగా కప్పకండి. దాని కింద వేడి బయటికంటే ఎక్కువ. కప్పాల్సి వస్తే తడిపి పిండిన గోనె పట్టా కప్పి, దానికీ సరుకుకీ మధ్య జానెడు ఖాళీ ఉంచండి.

రాత్రి లారీకి చెన్నై కోయంబేడు మార్కెట్‌కు పంపేవాళ్ళు సాయంత్రం నాలుగు తర్వాత కోస్తారు. తప్పు లేదు. కానీ అప్పటికి కాయ లోపల పగటి వేడి అలాగే ఉంటుంది. కోసిన వెంటనే గోతాం మూతి కుడితే ఆ వేడికి కాయల ఊపిరి వేడి కూడా తోడవుతుంది. నీడన నేల మీద శుభ్రమైన పట్టా పరిచి, బెత్తెడు మందానికి మించకుండా రెండు గంటలు ఆరబోసి, గాలి సోకాక నింపాలి. అనుమానం ఉంటే తెల్లారి మండీలో దించిన బెండకాయ గోతాం మూతి విప్పి నడుమకు మోచేతి దాకా చేయి పోనిచ్చి చూడండి. పైన చల్లగా, నడుమ నులివెచ్చగా చెమ్మ తగులుతుంది. బయటికి తీసిన కాయల అంచులు నల్లబడి, నూగు రాలి, జిగురు వాసన వేస్తుంటాయి. అవి ముసలి కాయలు కావు, రాత్రంతా గోతాంలో ఉడికిన కాయలు.

గోతాం చౌక, మడిచి వెనక్కు తెచ్చుకోవచ్చు, లారీలో ఎక్కువ పడుతుంది. అందుకే పోవడం లేదు. యాభై అరవై కిలోల గోతాం మీద మరో రెండు పేర్చి, ఆపైన మనిషి కూర్చుంటే అడుగు కాయ మీద ఎంత బరువు పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. పక్కల గాలి సందులున్న ప్లాస్టిక్ క్రేటు అయితే బరువు క్రేటు అంచు మోస్తుంది, కాయ మొయ్యదు. అయితే అంచుకు రెండు వేళ్ళు కిందికే నింపాలి. గోపురంలా పోసి పైన మరో క్రేటు ఎక్కిస్తే గోతాం కంటే అన్యాయంగా నలుగుతాయి. అడుగున అరటాకు గానీ ఉతికిన పాత నూలు గుడ్డ గానీ పరచాలి. పాత పేపరు వద్దు, సిరా అంటుతుంది. సంపాదకులు ఏమీ అనుకోకూడదు.

క్రేట్లతో వచ్చే అసలు చిక్కు శుభ్రత. కుళ్ళిన టమాటా రసం ఎండిన క్రేటులో మర్నాడు మంచి కాయ పోస్తే కుళ్ళు మనమే అంటించినట్టు. ఖాళీ క్రేటు తిరిగొచ్చిన వెంటనే సబ్బునీళ్ళతో తోమి, బ్లీచింగ్ నీళ్ళలో ముంచి, ఎండలో బోర్లించాలి. బ్లీచింగ్ పౌడరులో క్లోరిన్ 30 శాతం ఉందనుకుంటే 100 లీటర్ల నీటికి 33 గ్రాములు పడుతుంది. దాన్ని విడిగా చిన్న బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగనిచ్చి, పైన తేరిన నీటినే తొట్టిలో పోయాలి. గడ్డకట్టి, ఘాటు వాసన పోయిన పాత పౌడరులో బలం ఉండదు, ఎంత వేసినా పని చెయ్యదు. నీళ్ళు మడ్డిగా మారితే క్లోరిన్ ఆ మట్టి మీదే ఖర్చయిపోతుంది, కొత్త నీళ్ళు పట్టాల్సిందే.

ఇదే మోతాదులో టమాటా, దోసకాయలను రెండు మూడు నిమిషాలు ముంచి, మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి నింపవచ్చు. ఒక జాగ్రత్త ఉంది. ఎండకు వేడెక్కిన టమాటాను చల్లటి బోరు నీళ్ళలో వేస్తే లోపలి గాలి ముడుచుకుని, తొడిమ ఊడిన చోటు నుంచి నీటిని లోపలికి పీలుస్తుంది. ఆ నీటితో పాటు కుళ్ళు క్రిములూ పోతాయి. ముందు నీడన చల్లార్చి తర్వాతే కడగాలి. బెండ, పచ్చిమిర్చి, చిక్కుడు అసలు కడగకూడదు. బెండకాయ నూగు మధ్య నిలిచిన నీటి చుక్క తెల్లారికి నల్ల మచ్చ. మిర్చికి ముచ్చిక మొదట్లో తడి చేరి అక్కడే కుళ్ళు పడుతుంది. బరువు నిలవాలని గోతాం మీద బకెట్ నీళ్ళు గుమ్మరించే అలవాటు మన దగ్గర బాగా ఉంది. కాటాలో ఆ రోజుకు లాభమే. రెండో రోజు చిల్లర కొట్టువాడు పారబోస్తాడు, మూడో వారం ఆ ఊరి సరుకంటేనే ధర తగ్గించి పాడతారు. ఇక బెండకాయ, మిర్చి పచ్చగా కనపడాలని రంగునీళ్ళలో ముంచేవాళ్ళు కొందరున్నారు. ఆ పచ్చ రంగు మలకైట్ గ్రీన్ అయితే అది విషం. అది నిల్వ పద్ధతి కానే కాదు, నేరం.

కోసే తీరులో ఒక్కో కాయకు ఒక్కో మర్యాద ఉంది. బెండకాయను పూత విప్పిన ఐదారు రోజులకు, ముచ్చిక సెంటీమీటరు వదిలి, చేతికి గుడ్డ తొడుగు వేసుకుని కోయాలి. గోరు గీరిన చోటల్లా నల్లబడుతుంది. వంకాయను లాగి తెంపకుండా కత్తెరతో కోయాలి. కొనేవాళ్ళు ముందు చూసేది ముచ్చిక పచ్చదనమే. నీరు ఎక్కువగా పోయేది కూడా అక్కడి నుంచే. ముళ్ళ ముచ్చిక రకాలైతే కాయలను ఒకే వైపుకు ముచ్చికలు ఉండేలా వరసగా పేర్చాలి, లేకుంటే పక్క కాయను గుచ్చి చిల్లు పెడతాయి. టమాటాకు ఇది తలకిందులు, క్రేటులో పోసేటప్పుడు తొడిమ తీసెయ్యాలి. దూరం పోయేదైతే అడుగున ఎరుపు కాస్త తొంగిచూసినప్పుడే కోయాలి. ఊళ్ళో అమ్మేది పండినా పర్వాలేదు. మునక్కాయలను ఒక బారున కట్టలు కట్టి తడి గోనెలో చుడితే వంగకుండా నిలుస్తాయి. గుమ్మడి, బూడిద గుమ్మడి, కంద సంగతి పెద్దగా చెప్పనక్కర్లేదు. గుమ్మడికాయలను తొడిమతో కోసి, కందను తవ్వి తీసి గాలాడే చోట ఒంటి వరసగా పెడితే వాటంతట అవే నెలల తరబడి ఉంటాయి.

పొలంలో చేసినదీ లెక్కలోకి వస్తుంది. కాపు మీద యూరియా ఎక్కువ కుమ్మరించిన కాయ చూడ్డానికి బొద్దుగా ఉన్నా కండ మెత్తన, త్వరగా కుళ్ళుతుంది. పొటాష్, కాల్షియం అందినది గట్టిగా నిలుస్తుంది. బెండ రోజు విడిచి రోజు కోయాల్సిన పైరు కనుక మందు కొట్టేముందు ఆ డబ్బా మీద రాసిన కోత విరామం, అంటే మందు కొట్టాక కోతకు ఆగాల్సిన రోజులు, చూసుకుని మందు ఎంచుకోవాలి. మందు కొట్టిన మర్నాడు కోసిన కాయ ఎన్ని రోజులు నిలిస్తే ఎవరికి లాభం?

పండిన టమాటా, అరటి, మామిడి, బొప్పాయి ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. కంటికి కనపడదు, ముక్కుకు తెలియదు. పక్కన ఉన్న కాకరకాయ రెండు రోజుల్లో పసుపెక్కి పగులుతుంది, వంకాయ ముచ్చిక ఊడుతుంది, కొత్తిమీర పండుబారుతుంది. అన్నీ ఒకే ఆటోలో వేసుకునే చిల్లర వ్యాపారులు కనీసం పండిన టమాటా క్రేట్లను వెనక చివర పెట్టి, ఆకుకూరలను గాలి వచ్చే ముందు వైపు ఉంచుకోవాలి.

ఆకుకూరలకు గడియారమే యముడు. తోటకూర, పాలకూర వేరుతో సహా పీకి, మట్టి జాడించి, బెత్తెడు నీళ్ళున్న తొట్టిలో గంటసేపు నిలబెడితే మళ్ళీ నిక్కుతాయి. కట్ట బిగించి కట్టకూడదు. నడుమ ఆకులు వేడెక్కి ముందు పసుపయ్యేది అక్కడే. నీళ్ళు విదిలించి, తడి గోనె పరిచిన క్రేటులో నిలువుగా పేర్చాలి. నీళ్ళు కారుతున్న కట్టలను పాలిథిన్ సంచిలో కుక్కితే సాయంత్రానికి జిగురు. పాలిథిన్ వాడేవాళ్ళు సంచికి అక్కడక్కడ చిల్లులు పెట్టాలి. లోపల ఆవిరి బొట్లు కడుతుంటే చిల్లులు చాలలేదని అర్థం.

ఇక అమ్ముడుపోని సరుకు సంగతి. దీనికి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 1980ల్లోనే దారి చూపింది. కరెంటు లేని చల్లపెట్టె, జీరో ఎనర్జీ కూల్ ఛాంబర్ అంటారు. ఇంట్లో మట్టికుండ నీళ్ళు ఎలా చల్లబడతాయో ఇదీ అంతే. నీరు నిలవని ఎత్తు చోట, నీడన, గాలి తగిలేలా 165 సెంటీమీటర్ల పొడవు, 115 సెంటీమీటర్ల వెడల్పున ఇటుకలు పరవాలి. దాని అంచుల మీద 67.5 సెంటీమీటర్ల ఎత్తు వరకు రెండు వరసల గోడ, రెంటి మధ్య 7.5 సెంటీమీటర్ల సందు. సిమెంటు పూత పనికిరాదు, ఇటుక నీరు పీల్చాలి. సందులో తడిపిన ఏటి ఇసుక నింపాలి. మూతకు వెదురు చట్రం మీద బోదగడ్డి గానీ గోనె గానీ కట్టి తడపాలి. పైన తాటాకు పందిరి. సుమారు 400 ఇటుకలు, వంద కిలోల సరుకు, రోజుకు 50 లీటర్ల దాకా నీళ్ళు. పొద్దున సగం, సాయంత్రం సగం పోయవచ్చు. గోడ కంటే ఎత్తున నీళ్ళ డబ్బా పెట్టి, చిల్లులు పొడిచిన సన్న పైపును సందు పొడవునా పరిచి బొట్లుబొట్లుగా వదిలితే మనిషి మరిచినా ఎండదు. సరుకును క్రేట్లలో ఉంచి పలచటి షీటు కప్పాలి. వేసవిలో ఒక్కరోజైనా నిలవని తోటకూర ఇందులో మూడు రోజులు నిలుస్తుంది.

అయితే దీన్ని అన్ని చోట్లా ఒకే మందులా పంచడం పొరపాటు. ఉదయగిరి, సీతారామపురం, పామూరు, కనిగిరి వైపు వేసవి గాలి పొడిది. బయట 40 డిగ్రీలు, తేమ 30 శాతం ఉంటే తడిగుడ్డ కట్టిన థర్మామీటరు 26 దగ్గర ఆగుతుంది. పెట్టె ఆ 26 దాపుకి చేరగలదు. సముద్రం పక్కన 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న రోజున తడిగుడ్డ 29 దగ్గరే ఆగిపోతుంది. ఐదు డిగ్రీల కోసం రోజూ యాభై లీటర్లు మొయ్యడం దండగ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో అయితే ఎక్కడా పెద్దగా పని చెయ్యదు. కట్టబోయేముందు రెండు థర్మామీటర్లు కొని, ఒకదాని బుడ్డికి తడి నూలుగుడ్డ చుట్టి విసనకర్రతో ఐదు నిమిషాలు విసిరి చూడండి. మధ్యాహ్నం తేడా పది డిగ్రీలు దాటితే కట్టుకోవచ్చు. ఐదు లోపైతే ఆ ఇటుకలతో అరుగు కట్టుకోండి.

కట్టినవి కూడా మూలపడటానికి కారణాలున్నాయి. తీరంలో చౌకగా దొరికిందని ఉప్పు ఇసుక నింపితే ఇటుక రంధ్రాల్లో ఉప్పు పేరుకుని చెమ్మ బయటికి రాదు. లవణాలు ఎక్కువున్న బోరు నీళ్ళతోనూ గోడ మీద తెల్లటి పొర కడుతుంది. నెలకోసారి కొబ్బరి పీచుతో గట్టిగా రుద్దాలి. మరీ కాలి గాజులా మెరిసే ఇటుక నీరు పీల్చదు. మూసిన కొట్టంలో కట్టినది చల్లబడదు, గాలే దాని ఇంజను. పైనుంచి నీళ్ళు క్రేట్లలోకి కారితే మూడో రోజుకు కుళ్ళు. చల్లటి చెమ్మకు తేళ్ళు, పాములు చేరతాయి, మూత తీసేముందు కర్రతో తట్టండి.

తీరం వెంట, అంటే నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు వైపు కావలసింది 10 నుంచి 12 డిగ్రీల్లో, తేమ తగ్గకుండా ఉండే చిన్న గదులు. నాలుగంగుళాల పఫ్ (వేడిని ఆపే నురుగు) పలకల గదికి ఇంటి ఏసీ పెట్టి, 16 దగ్గర ఆగిపోకుండా ప్రత్యేక కంట్రోలర్ బిగిస్తే రెండు మూడు టన్నులకు సరిపోతుంది. వేడి సరుకు ఒకేసారి నింపితే ఏసీ మీద మంచు కట్టి గాలి ఆగిపోతుంది. రాత్రి చల్లబడిన సరుకునే లోపల పెట్టాలి. సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ 2014 మార్గదర్శకాల్లో 9 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ప్యాక్ హౌస్‌కు, అంటే సరుకు ఏరి నింపుకునే షెడ్డుకు, సగం సబ్సిడీ ఉంది. ఊరికొకటి కాకపోయినా కూరగాయలు ఎక్కువ పండే మండలానికి రెండు వచ్చినా, గ్రేడింగ్ నీడన జరుగుతుంది.

అధికారులకు మా విన్నపం పెద్దది కాదు. రైతుబజార్లు మొదలై 1999 జనవరి నుంచి ఇన్నేళ్ళయినా, రాత్రి మిగిలిన సరుకు పెట్టుకునే చోటు చాలా బజార్లలో లేదు. అందుకే ఎనిమిది గంటలకు రైతు పావు ధరకు వదిలించుకుని పోతున్నాడు. కాటా దగ్గర రేకుల షెడ్డు కింద వెదురు తడిక కట్టించి, క్రేట్లు కడిగే తొట్టి, అద్దె క్రేట్లు పెట్టించండి. పడమటి మండలాల బజార్లలో ఇటుక చల్లపెట్టెలు నాలుగైదు కట్టించండి. పని మాత్రం రోహిణి కార్తె దాకా ఆగకూడదు. కొత్త ఇటుక, ఇసుక నిండా తడిసి చల్లదనం పట్టడానికి రెండు మూడు రోజులు నీళ్ళు పోస్తూనే ఉండాలి. మేలో బోర్లలో ఆ నీళ్ళు దొరకవు, మార్చిలోనే కట్టి తడపడం మొదలుపెట్టాలి.

ఇట్లు,
కూరగాయల సాగు, గ్రేడింగ్, రవాణా పనుల్లో ఉన్న కొందరు,
కావలి, నెల్లూరు జిల్లా